రాజు, దాతు, షాబందరు

ఒక జనసమూహం తన పాలకుణ్ణి పిలిచే మాట ఆ భాషలోనే పుట్టిందా, లేక పొరుగువారి నుంచి వచ్చి చేరిందా అన్నది తేల్చగలిగితే, శాసనాలకూ గ్రంథాలకూ ఎక్కని చరిత్ర కొంత బయటపడుతుంది. సొంత మాట పాలన ఏ పునాదిమీద మొదలైందో చెబుతుంది. పొరుగుభాష నుంచి తెచ్చుకున్న మాట, భాషాశాస్త్రవేత్తలు ఎరువు మాట అని పిలిచేది, ఎవరితో, ఏ పనిమీద రాకపోకలు నడిచాయో చెబుతుంది. ఈ రెండు రకాల సాక్ష్యమూ దండిగా దొరికేది ఆస్ట్రోనేషియన్ భాషాకుటుంబంలో. తైవాన్‌లో మొదలై ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియాల మీదుగా ఒకవైపు మడగాస్కర్ దాకా, మరొకవైపు పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి, న్యూజీలాండ్, ఈస్టర్ దీవి దాకా పరుచుకున్న ఈ కుటుంబంలో 1,200కు పైగా భాషలున్నాయి. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది కాబట్టి వీటితో దానికి పుట్టుకలో చుట్టరికం లేదు. అయితే కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఘంటసాల మొదలుకొని బందరు, అంటే మచిలీపట్నం, దాకా వెలిసిన రేవులు క్రీస్తుశకం తొలి శతాబ్దాల నుంచి పదిహేడో శతాబ్దం వరకు ఆ భాషల తీరాలకు ఓడలను పంపాయి. ఆ ఓడల్లో బట్టలతోపాటు బిరుదులు కూడా ప్రయాణం చేశాయి కనుక, దీవుల రాజుల, నాయకుల పేర్ల చరిత్రను కృష్ణ ముఖద్వారం దగ్గరి ఈ దివిసీమ వైపు నుంచి చదివితే కొన్ని సంగతులు తేటపడతాయి.

ఓడలు చేరకముందు ఉన్న మాటలతో మొదలుపెట్టాలి. మలయ్ భాషలో 'దాతుక్' అంటే తాత. గౌరవంగా ఇచ్చే బిరుదు కూడా అదే. ఫిలిప్పీన్స్‌లో 'దాతు' అంటే ఊరికో తెగకో నాయకుడు. జావాలో 'రాతు' అంటే రాజ్యమేలేవారు, ఫిజీలో 'రాతు' అన్నది నాయకవంశపు మగవారి పేరుకు ముందు చేర్చే గౌరవపదం. సుమత్రాలోని తోబా బటక్ జనంలో మాత్రం 'దాతు' అంటే మంత్రతంత్రాలూ మూలికలూ తెలిసిన వైద్యుడు. ఇవన్నీ ఒకే మాట నుంచి వచ్చాయని చెప్పడానికి ధ్వనుల పోలిక ఒక్కటే చాలదు, ఆ పోలిక క్రమం తప్పకుండా ఉండాలి. తెలుగులో పకారంతో మొదలయ్యే పాలు, పులి, పువ్వు కన్నడంలో హాలు, హులి, హూవు అయినట్టు, మలయ్‌లో దకారంతో మొదలయ్యే కొన్ని మాటలు ఫిజీలో రకారంతో మొదలవుతాయి. రెండు అనే సంఖ్య మలయ్‌లో 'దువ', ఫిజీలో 'రువ'. అదే క్రమం దాతు, రాతులలో కనిపిస్తుంది కాబట్టి, ఈ భాషలు విడిపోకముందు ఉన్న మూలభాషలో *దాతు అనే మాట ఉండేదని పండితులు నిర్ధారించారు. మాటకు ముందున్న నక్షత్రపు గుర్తు అది ఏ శాసనంలోనూ దొరికినది కాదనీ, పిల్లభాషల సాక్ష్యంతో తిరిగి కూర్చినదనీ చెప్పే సంకేతం.

ఈ క్రమాన్ని పట్టించుకోకుండా పోలికను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి పందొమ్మిదో శతాబ్దం ఒక ఉదాహరణ మిగిల్చింది. న్యూజీలాండ్‌లో ఉద్యోగం చేసిన ఎడ్వర్డ్ ట్రెగియర్ 1885లో ఒక పుస్తకం రాసి మావోరీలు ఆర్యులేనని వాదించాడు. మావోరీ మాటల్లో సంస్కృతపు ఆవుల జాడ కూడా ఆయనకు కనిపించింది. మరుసటి ఏడాదే ఆ వాదాన్ని వెక్కిరిస్తూ ఎ. ఎస్. అట్కిన్సన్ వ్యాసం వెలువరించాడు. అదే దారిన పోయేవారికి దాతులో సంస్కృత దాత, ధాతువు వినిపించవచ్చు. ఫిజీలో నాయకుణ్ణి 'తురంగ' అంటారు కనుక అక్కడ గుర్రం కూడా కనిపించవచ్చు. ఆ దీవికి గుర్రాలు వచ్చింది పాశ్చాత్యుల ఓడల్లోనే.

దాతుకు మూలార్థం ఏమిటన్నది అంత తేలికగా తేలలేదు. తాత, వైద్యుడు, ఊరిపెద్ద, రాజు అనే నాలుగు అర్థాలకూ మూలంగా నిలబడగలిగినవాడు, వంశంలో వయసుచేత పెద్దవాడై, చనిపోయిన పూర్వీకులతో మాట్లాడే అధికారం ఉన్నవాడు అయి ఉండాలని ఒక ఊహ. రాబర్ట్ బ్లస్ట్ వంటి పండితులు దీన్ని వంశపు పూజారిగా అర్థం చెప్పారు. ఈ ఊహకు బలమిచ్చేది బటక్ వైద్యుడే. రాజ్యాలు ఏర్పడిన జావాలో ఆ మాట సింహాసనం ఎక్కింది, రాజ్యాలు పెద్దగా ఏర్పడని బటక్ కొండల్లో మందుల సంచీ దగ్గరే ఉండిపోయింది. రాజు నుంచి వైద్యుడు దిగివచ్చాడని అనుకోవడం కంటే, పూర్వీకులతో మాట్లాడగల పెద్ద ఒకచోట రాజూ మరొకచోట వైద్యుడూ అయ్యాడనుకోవడం సబబుగా ఉంటుంది.

పసిఫిక్ దీవుల వైపు మరొక మాట ప్రబలంగా ఉంది. మావోరీలో 'అరికి', తాహితీలో 'అరిఇ', హవాయి, సమోవాలలో 'అలిఇ', టోంగాలో 'ఎయికి' అనేవి దాని రూపాలు. తూర్పుకు పోయినకొద్దీ కకారం కొన్ని భాషల్లో గొంతు క్షణం బిగబట్టి వదిలే ధ్వనిగా మారింది, రకారం కొన్నిచోట్ల లకారమైంది, టోంగాలో పూర్తిగా పోయింది. మావోరీలో అరికి అంటే పెద్ద కుటుంబపు తొలిచూలు సంతానమే. ఆ తొలిచూలుతనంవల్లనే అతనికి నాయకత్వం వస్తుంది. ఈ మాట మీద 1980ల్లో మంచి వాదమే నడిచింది. సుమారు మూడువేల ఏళ్లనాటి ఓషియానిక్ మూలభాషలోనే, అంటే పసిఫిక్ దీవుల భాషల్లో చాలావాటికి తల్లి అయిన భాషలోనే, నాయకుడికీ, నాయకుడి పెద్దకొడుకుకూ వేర్వేరు మాటలున్నాయి గనుక వంశపారంపర్య నాయకత్వం అప్పటికే స్థిరపడిందని 1982లో ఆండ్రూ పాలీ వాదించాడు. అరికికి మూలమైన ఆ రెండో మాటకు తొలిచూలు బిడ్డ అన్న అర్థమే రుజువవుతుంది తప్ప వంశాధికారం రుజువు కాదని 1986లో ఫ్రాంటిషెక్ లిక్టెన్‌బెర్క్ జవాబిచ్చాడు. ఈ ఇద్దరిలో లిక్టెన్‌బెర్క్ జాగ్రత్తే మెచ్చదగినది. మాట ఉందన్న సాక్ష్యం నుంచి వ్యవస్థ ఉందన్న నిర్ణయానికి దూకడం సులభం, వెనక్కి రావడం కష్టం. పాపువా న్యూగినీ చుట్టుపక్కల దీవుల్లో పుట్టుకతో నిమిత్తం లేకుండా, పందులను పెంచి, విందులు చేసి, నలుగురినీ తన అప్పులో పెట్టుకుని పెద్దమనిషి అయ్యేవాడు నేటికీ ఉన్నాడు. పుట్టుకతో వచ్చే నాయకుడికీ ఇతనికీ తేడాను మార్షల్ సాలిన్స్ 1963లో రాసిన ఒక వ్యాసం ప్రసిద్ధం చేసింది. మడగాస్కర్‌లో రాజును 'మ్‌పాంజక' అనడం మరో పద్ధతి. మాంజక అంటే ఏలడం, మ్‌పాంజక అంటే ఏలేవాడు. ఏలు అనే క్రియ నుంచి ఏలిక అనే మాటను చేసుకున్న తెలుగుకు ఆ తీరు కొత్తగా తోచదు.

కృష్ణాతీరంలో తొలిసారి 'రాజు' అన్న మాట రాతకెక్కిన సందర్భం కూడా ఇక్కడ తలచుకోవలసినదే. దివిసీమకు నది ఆవలి ఒడ్డున ఉన్న భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు, బుద్ధధాతువులు దాచిన రాతి పెట్టెలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం చెక్కిన వాటి ప్రాకృత రాతల్లో కుబిరకుడనే రాజు కనిపిస్తాడు. అదే వాక్యం అతణ్ణి సింహగోష్ఠి అనే సంఘానికి ప్రముఖుడని, అంటే పెద్ద అని చెబుతుంది. నిగమం, అంటే వర్తకుల పట్టణసంఘం, ఆ దానంలో పాలుపంచుకుంది. రాజు అన్న సంస్కృత బిరుదు ఉత్తరం నుంచి వచ్చి ఈ తీరంలో దిగిన తొలిరోజుల్లో దాని కింద ఉన్నవాడు చక్రవర్తి కాదు, ఒక గోష్ఠికి పెద్ద. బిరుదు పెద్దదై మనిషి పాతవాడుగా ఉన్న ఈ స్థితి, తర్వాత కొన్ని శతాబ్దాలకు దీవుల్లో మళ్లీ కనిపిస్తుంది.

ఆ మధ్యకాలంలో ఈ తీరం తూర్పుదిక్కుకు తెరుచుకుంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలమీ మైసోలియా అనే సీమలో కంటకస్సుల అనే వర్తకస్థలాన్ని పేర్కొని, ఆ సీమకు ఎగువన, బంగారు దేశానికి పోయే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి మళ్లే చోటును కూడా గుర్తించాడు. కంటకస్సుల అంటే ఘంటసాలే అని అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లోని కంటకసోల అనే పేరు నిలబెడుతోంది. నాగార్జునకొండ శాసనం కూడా ఆ ఊరి మహాచైత్యాన్ని ప్రస్తావించింది. ఘంటసాల శాసనాల్లో ఒకటి శివకుడనే 'మహానావికుణ్ణి' పేర్కొంటుంది. ఈ బిరుదు సముద్రం ఆవల కూడా ఉంది. మలయ్ ద్వీపకల్పంలో పెనాంగ్‌కు ఎదురుగా ఉన్న నేలలో 1834లో జేమ్స్ లో అనే అధికారికి దొరికిన ఒక రాతిపలక మీద, రక్తమృత్తిక అనే ఊరికి చెందిన మహానావికుడు బుద్ధగుప్తుడి పేరు ఐదో శతాబ్దపు లిపిలో ఉంది. బుద్ధగుప్తుడు బెంగాలువాడై ఉంటాడని పండితుల భావన. అయినా ఘంటసాల శివకుడి బిరుదే అతనికీ ఉండటం గమనించదగినది. రాజుల బిరుదుల కంటే ముందుగా, లేదా వాటితోపాటు, ఓడ పెద్దల బిరుదులు నీటి మీద తిరిగాయి.

ఆ ఓడలు దిగినచోట ఏం జరిగిందో బోర్నియో దీవిలోని కుతై రాతిస్తంభాలు చెబుతాయి. సుమారు క్రీస్తుశకం 400 నాటి ఆ యూపస్తంభాలు, అంటే యజ్ఞంలో పశువును కట్టే కంబాల రూపంలో ఉన్న రాళ్లు, ఇండోనేషియాలో దొరికిన శాసనాలన్నిటిలోకీ పాతవి. సంస్కృతంలో ఉన్న ఆ పద్యాల్లో మూలవర్మ అనే రాజు తన వంశం చెప్పుకున్నాడు: తాత కుండుంగుడు, తండ్రి అశ్వవర్మ. కుండుంగ అనేది సంస్కృతం కాదు, స్థానికపు పేరు. అతణ్ణి నరేంద్రుడని పొగుడుతూనే, వంశకర్త అనే గౌరవాన్ని మాత్రం శాసనం కొడుకు అశ్వవర్మకు ఇచ్చింది. తాత పాలించినా వంశం అతనితో మొదలు కాలేదు, పేరు చివర 'వర్మ' చేరినప్పుడే మొదలైంది. కవచం అనే అర్థమున్న ఆ ముక్క అప్పటి ఆంధ్రదేశపు రాజులకు మామూలు వాడుక. కొండముది రాగిరేకుల శాసనం వేయించిన బృహత్ఫలాయన గోత్రపు జయవర్మ, కూడూరలోని తన అధికారికి ఆజ్ఞ పంపాడు. ఆ కూడూర బందరుకు దగ్గరున్న గూడూరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. వేంగిని ఏలిన శాలంకాయన హస్తివర్మ పేరు సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో ఉంది. కుతైకి ఆ ముక్క ఏ రేవు నుంచి పోయిందో ఒక్క ఊరి పేరు చెప్పి తేల్చడం కుదరదు గానీ, కృష్ణా, పల్లవ తీరాల లిపీ, పేర్ల తీరూ అక్కడ కనిపిస్తున్నాయి.

బిరుదులు సింహాసనం దగ్గర కంటే కచేరీ దగ్గర ఎక్కువగా దిగుమతి అయ్యాయన్నది సుమత్రాలోని తెలగ బటు శాసనంలో తేటగా కనిపిస్తుంది. ఏడో శతాబ్దంలో పాలెంబాంగ్ కేంద్రంగా వెలిసిన శ్రీవిజయ రాజ్యానికి చెందిన ఈ రాయి పైభాగంలో ఏడు పడగల నాగం ఉంది, కింద నీరు జారడానికి తూము ఉంది. రాజుకు ద్రోహం చేయబోమని ఉద్యోగులు ప్రమాణం చేసేటప్పుడు ఆ శాపపు అక్షరాల మీదుగా పోసిన నీటిని తూము దగ్గర పట్టుకుని తాగేవారని పండితులు భావిస్తున్నారు. మాట తప్పితే ఆ నీళ్లే చంపుతాయని శాసనం హెచ్చరిస్తుంది. ఎవరెవరు ప్రమాణం చేయాలో చెప్పే జాబితా పాత మలయ్ భాషలో ఉంది: రాజపుత్రులు, భూపతులు, సేనాపతులు, నాయకులు, దండనాయకులు, కుమారామాత్యులు, కాయస్థులు, స్థాపకులు. వేంగి చాళుక్యుల, కాకతీయుల శాసనాలు చదివినవారికి ఇందులో చాలా పేర్లు పరిచయమైనవే. వాటి పక్కనే 'పుహావాంగ్', అంటే ఓడ నడిపే యజమాని, 'వణియాగ', అంటే వర్తకుడు, 'హులున్ హాజి', అంటే రాజు దాసులు, వరసలో నిలబడ్డారు. హాజి అనేది రాజుకు దీవుల్లో ఉన్న పాత మాటల్లో ఒకటి, మక్కాయాత్ర చేసినవారి బిరుదుతో దానికి సంబంధం లేదు. ఇంత సంస్కృతం నింపుకున్న ఈ శాసనం రాజ్యానికి వాడిన మాట 'కదాతువాన్', దాతు ఉండే చోటు. లోపలి అధికారులకు నాయక, సేనాపతి బిరుదులు పంచిపెట్టిన రాజ్యం తన పేరును తాతల మాట మీదే నిలుపుకుంది. జావాలో రాజప్రాసాదాన్ని నేటికీ 'క్రటోన్' అంటారు, రాతు ఉండే చోటని దాని అర్థం.

రాజు అన్న మాట కూడా అక్కడికి చేరింది, అయితే చేరినదంతా సంస్కృతంలో ఉన్నట్టు లేదు. సంస్కృతంలోనూ తెలుగులోనూ రాజు మగవాడు, ఆడపాలకురాలైతే రాణి. మలయ్ భాషలో నామవాచకాలకు లింగభేదం లేదు గనుక అక్కడ 'రాజ' ఎవరికైనా చెల్లుతుంది. ఈ తేడాను బందరు నుంచి బయలుదేరిన ఒక ఓడ చరిత్ర చూపిస్తుంది. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ పంపిన గ్లోబ్ అనే ఓడ 1611 ఆగస్టులో మచిలీపట్నం చేరింది. పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చివాడు అందులో ముఖ్య వర్తకుడు. దీవుల్లో చెల్లుబాటయ్యే రంగుబట్టలు ఇక్కడ కొనుక్కుని, 1612లో ఆ ఓడ బాంటమ్ మీదుగా మలయ్ ద్వీపకల్పపు తూర్పుతీరంలోని పతానీ చేరింది. అక్కడ ఏలుతున్నది ఆడమనిషి, ఆమెను 'రాజా హిజావ్' అనేవారు. సుమారు అరవై ఏళ్ల వయసున్న ఆమె నిండైన రూపాన్నీ హుందాతనాన్నీ ఫ్లోరిస్ తన దినచర్యలో మెచ్చుకున్నాడు. హిజావ్ అంటే ఆకుపచ్చ. ఆమె తర్వాత ఆమె చెల్లెళ్లు రాజా బీరు, రాజా ఉంగు, ఆ తర్వాత ఉంగు కూతురు రాజా కునింగ్ వరసగా ఏలారు. వాళ్ల పేర్లకు నీలం, ఊదా, పసుపు అని అర్థాలు. ఈ నలుగురిలో ఎవరికీ రాజ అనిపించుకోవడానికి పేరు మార్చుకోవలసిన పని పడలేదు. ఉంగు మాత్రం తన అక్కలు వాడిన సయామీ బిరుదు 'పెరచౌ'ను వదిలేసింది. అప్పటికి సయాంతో పతానీకి చెడింది, బిరుదు వదలడం రాజకీయమే. సుమత్రా ఉత్తరకొనలోని అచే రాజ్యాన్ని కూడా 1641 నుంచి 1699 వరకు వరసగా నలుగురు సుల్తానాలు ఏలారు. బందరు ఓడలు ఆ రేవుకు బట్టలు తీసుకుపోయి ఏనుగులు, మిరియాలు, తగరం తెచ్చేవి.

తెలుగుదేశంలో అంతకు మూడున్నర శతాబ్దాల ముందే ఒక ఆడపాలకురాలు వచ్చింది, కానీ భాష ఆమెకు దారి ఇవ్వలేదు. కాకతి గణపతిదేవుడి కుమార్తె రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. మగపేరు, మగబిరుదు తొడిగితే తప్ప సింహాసనం మీద ఆమెను వ్యాకరణం కూర్చోనివ్వలేదు. ఒకే మూలం నుంచి పోయిన మాట ఒకచోట లింగాన్ని వదులుకుంది, ఇంకొకచోట పాలకురాలి లింగాన్నే మార్చింది. ఎరువు మాట తన వెంట పాత అర్థాన్ని మొత్తంగా మోసుకుపోదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

గణపతిదేవుడి పేరు వచ్చింది కాబట్టి దివిసీమ నాయకుల సంగతి ఇక్కడే చెప్పాలి. పదమూడో శతాబ్దపు మొదట్లో గణపతిదేవుడు ఈ సీమను గెలిచినప్పుడు, ఏలుతున్న అయ్య వంశీకులను తొలగించలేదు. పినచోడి కుమార్తెలు నారమ, పేరమలను తానే పెళ్లాడి, వారి సోదరుడు జాయపను గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా చేశాడు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఇతనే. తన ప్రభువు పేర గణపేశ్వర ఆలయం కట్టించి 1231లో వేయించిన శాసనం దివిసీమలోని గణపేశ్వరంలో ఉంది. అయ్య అన్నది తండ్రినీ పెద్దనూ పిలిచే మాట. సాహిణి అన్నది రాజాస్థానం ఇచ్చిన పదవి. కదాతువాన్ లోపల దండనాయకులు ఉన్నట్టే, ఇక్కడ అయ్యల ఇంట్లోకి సాహిణి పదవి వచ్చింది. తర్వాతి కాలంలో చల్లపల్లి కేంద్రంగా దేవరకోట సంస్థానాన్ని ఏలిన యార్లగడ్డ వారు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా, శ్రీమంతు రాజా అన్న సంస్కృత బిరుదునూ, బహద్దరు అన్న పారసీ బిరుదునూ ఒకే పేరుకు ముందూ వెనకా పెట్టుకున్నారు. ఆ సీమలోనే శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకంలో ఆంధ్రనాయకుడన్నాడు. మలయ్‌లో యజమానిని 'తువాన్' అనీ దేవుణ్ణి 'తుహాన్' అనీ పిలవడంలోనూ పాలకుడి మాటే దేవుడికి చేరింది.

బిరుదులన్నిటిలో రెండు తీరాలకూ సమానంగా సొంతమైనది, అయినా రెంటిదీ కానిది షాబందరు. పారసీలో బందర్ అంటే రేవు. మచిలీపట్నాన్ని బందరు అని పిలిచే జనం నేటికీ ఆ మాటనే వాడుతున్నారు. షాబందర్ అంటే రేవుకు రాజు. మలయ్‌లో అది 'శాబందార్' అయింది. 1512 తర్వాత మలక్కాలో ఉండి ఆ రేవు గురించి వివరంగా రాసిన పోర్చుగీసు ఉద్యోగి తొమే పిరేష్ అక్కడ నలుగురు షాబందర్లు ఉండేవారని చెప్పాడు: గుజరాతీల ఓడలకు ఒకరు, కెలింగ్ సీమ, బెంగాలు, పెగూ, పాసై ఓడలకు ఒకరు, జావా, మలుకు తదితర దీవుల ఓడలకు ఒకరు, చైనా, చంపా వైపు ఓడలకు ఒకరు. కెలింగ్ అంటే కళింగం పేరుమీద మలయ్‌లు భారతదేశపు తూర్పుతీరానికీ అక్కడి జనానికీ పెట్టిన పేరు. ఇప్పుడు మలేషియాలో అది చిన్నబుచ్చే మాటగా మారింది. ఆంధ్రతీరం నుంచి బట్టలమూటలతో పోయిన నావకు లంగరు వేసిన వెంటనే కావలసినవాడు సుల్తాను కాదు, ఈ రెండో షాబందరు. ఓడ యజమానిని మంత్రి దగ్గరకు తీసుకుపోయేవాడు, సరుకు దించుకోవడానికి గిడ్డంగి చూపించేవాడు, బస ఏర్పాటు చేసేవాడు, మోతకు ఏనుగులను రప్పించేవాడు అతనే. ఆ మంత్రి బిరుదు 'బెందహార', సంస్కృత భాండాగారం నుంచి వచ్చినది; కోశాన్ని చూసేవాడు మలక్కాలో ప్రధానమంత్రి అయ్యాడు. నౌకాసేనాపతిని 'లక్సమాన' అనేవారు, రాముడి తమ్ముడే ఆ పేరుకు మూలం.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరులో కూడా షాబందరు ఉండేవాడు, కానీ అతనికి పైన హవల్దారు ఉండేవాడు. తర్వాత మీర్ జుమ్లాగా పేరుపొందిన మీర్ మహమ్మద్ సయీద్ 1630ల్లో ఇక్కడ హవల్దారుగా పనిచేశాడు. ఓడలూ, వజ్రాల గనులూ, సొంత సైన్యమూ ఉన్న ఆ మనిషి పదవిపేరు ఇప్పుడు సైన్యంలో చిన్నదళాన్ని నడిపేవాడికి మిగిలింది. ఇలా దిగజారినది ఇదొక్కటే కాదు. శ్రీవిజయలో ఓడ యజమానిని సూచించిన పుహావాంగ్ నేటి మలయ్‌లో 'పావాంగ్' అయి, వేటకూ చేపలకూ వానకూ మంత్రం వేసేవాడిని సూచిస్తోంది. ఓడ యజమానికి సముద్రపు దయ్యాలను శాంతింపజేసే విద్య కూడా తెలిసి ఉండాలన్న నమ్మకంలో ఆ మార్పుకు కారణం వెతకవచ్చు. గోల్కొండ పోయిన తర్వాత, బందరులో కంపెనీ తరఫున పాలించినవాడిని ఇంగ్లీషువారు చీఫ్ అన్నారు. 1794లో ఆ పదవి రద్దయి కలెక్టరు వచ్చాడు. పన్ను పోగుచేసేవాడనే అర్థమున్న ఆ మాట జిల్లా అధిపతికి స్థిరపడి, పన్నుల సంగతి వెనకబడ్డా, ఇప్పటికీ నిలిచి ఉంది. భాండాగారపు మాట ప్రధానమంత్రిని చేరిన దారి ఇదే. పదవుల పేర్లు ఇన్నిసార్లు మారినా బందరు చుట్టుపక్కల పల్లెల్లో తగవు తీర్చవలసి వస్తే కులపెద్ద దగ్గరకే పోయేవారు. వయసునూ వంశాన్నీ చెప్పే మాటలు కిందనే ఉండిపోయాయి, పైన కచేరీ మాటలు మారుతూ వచ్చాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ డెల్టావాసులు కొందరు దాతు మాట బతికే ఉన్న నేలకు స్వయంగా పోయారు. ఫిజీ చెరకుతోటలకు 1879 నుంచి 1916 వరకు భారతదేశం నుంచి సుమారు 60,500 మంది కూలీలు ఒప్పందం మీద వెళ్లగా, 1903 నుంచి మద్రాసు రేవు కూడా ఆ పనికి తెరుచుకుంది. అలా పోయిన దక్షిణాదివారిలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారున్నారు. అగ్రిమెంటు అన్న మాటను గిర్మిట్ అని పలికిన ఆ జనం ఒప్పందం తీరాక సాగుచేసుకోవడానికి భూమి కోసం చూసినప్పుడు, అది తెల్లదొర చేతిలో కొంతే ఉందనీ, మిగతాది 'మతంగలి' అనే ఫిజియన్ వంశసమూహాల ఉమ్మడి సొత్తనీ తెలిసింది. ఆ వంశాలకు రాతులు, స్త్రీలైతే 'ఆది'లు, పెద్ద సీమలకు 'తుయి' అనే ప్రభువులు ఉన్నారు. రాతు లాలా సుకూనా చొరవతో 1940లో వచ్చిన చట్టం ఆ ఉమ్మడి భూములను ఒక బోర్డు చేతికి అప్పగించింది, కౌలు అక్కడి నుంచే పుచ్చుకోవాలి. మరుసటి ఏడాది ఫిజీ తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. 1976 చట్టం ప్రకారం కౌలు గడువు ముప్పై ఏళ్లు. పాత కౌళ్లు 1997 నుంచి తీరిపోవడం మొదలైనప్పుడు, వాటిని కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయంలో భూమిగల వంశాల మాట చెల్లింది కాబట్టి, చెరకు రైతుకు రాతు అన్న గౌరవపదం నిత్యజీవితపు లెక్కలోకి వచ్చింది. నాయకులందరూ కూర్చునే 'బోసే లెవు వకతురంగ' అనే మహాసభను 2012లో సైనిక ప్రభుత్వం రద్దు చేసింది, 2023లో ఎన్నికైన ప్రభుత్వం దాన్ని తిరిగి నెలకొల్పింది.